వియ్యంకుడు అమ్మిన కారు

ప్రెంగ్ తాత పొద్దున లేవగానే కిటికీ దగ్గరికి వెళ్లి, కారు ఎంత కుంగిందో చూసుకుంటాడు. సాయంత్రం నాలుగు కాళ్ల మీద నిలబెట్టి వచ్చిన బండి తెల్లారేసరికి ఎడమ ముందు కాలు మడిచి, బురదలో గేదెలాగా ఒరిగి ఉంటుంది. చక్రం పైన నాలుగు వేళ్ల ఖాళీ కనబడితే ఆ రోజు తాత కాఫీలో చక్కెర వేసుకుంటాడు. ఖాళీయే లేకపోతే చేదుగా తాగేస్తాడు.

"ఇవాళ చక్కెరా, చేదా?" అని పొయ్యి దగ్గర నుంచి దీల నానమ్మ అడుగుతుంది.

"చేదే."

"నీ మోకాలు వంగదు, దాని మోకాలు నిలవదు. మంచి జంట దొరికింది పో!"

తాత ఆ కారును వదిలించుకోవాలని రెండేళ్లుగా చూస్తున్నాడు. అది మాత్రం తాతను వదలడం లేదు. జరిగింది ఇంతే. కానీ ఇంతకు ముందు ఇంకొంత ఉంది, అది చెప్పకపోతే తాతను వట్టి వెర్రివాడనుకుంటారు. వెర్రివాడే, కానీ వట్టి వెర్రివాడు కాడు.

తాత ఇటలీలో పద్దెనిమిదేళ్లు ఇతరుల గోడలకు ప్లాస్టరు పూశాడు. నిచ్చెనలు ఎక్కీ దిగీ కుడి మోకాలు పాడైంది. సొంత దేశం అల్బేనియాలో ష్కోద్రకు తిరిగొచ్చి, ఊరి చివర లేజా పట్నానికి పోయే రోడ్డు పక్కన ఇల్లు కట్టుకుని, ఇంటి చుట్టూ దానిమ్మ చెట్లు వేసుకున్నాడు. ఇక మిగిలిన కోరిక ఒక్కటే. మోకాలు వంచకుండా ఎక్కగలిగేంత ఎత్తు కారు కావాలి. ఎత్తు కార్లు చాలా ఉంటాయి. కానీ పద్దెనిమిదేళ్లు ఇటలీ యజమానుల ఇళ్ల ముందు ఏ కార్లను చూస్తూ సున్నం కలిపాడో, అలాంటిదే కావాలని తాత మనసులో పడింది. నల్లగా, వెడల్పుగా, తోలు సీట్లతో, తలుపు వేస్తే చర్చి తలుపు మూసినట్టు శబ్దం చేసేది.

అలాంటిది వియ్యంకుడు కోల్ దగ్గర దొరికింది. కోల్ జర్మనీ నుంచి పాత బండ్లు తెప్పించి అమ్ముతాడు. తాత కూతురు లూలేను కోల్ కొడుక్కిచ్చారు. బండికి పదకొండేళ్లు. కొత్తలో డెబ్బై వేల యూరోలట. కోల్ తొమ్మిది వేలకిస్తానన్నాడు.

వేరెవరి దగ్గరైనా అయితే తాత బండి కిందకు దూరి పడుకునేవాడే. టార్చి పెట్టి చూసేవాడు, మెకానిక్‌ను వెంట తెచ్చుకునేవాడు. కానీ కూతురినిచ్చిన ఇంట్లో బండి కిందకు దూరితే ఏమనుకుంటారు? పిల్లనిచ్చినప్పుడు వాళ్లు మన ఇంటి పునాదులు తవ్వి చూశారా? తాత టైరునైనా కాలితో తన్ని చూడలేదు. కాఫీ తాగాడు, ఇంకో కాఫీ తాగాడు, ద్రాక్ష సారా రెండు చిన్న గ్లాసులు పుచ్చుకున్నాడు. బేరం ఖాయమని చెయ్యి ఇవ్వబోతుంటే కోల్ గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, బండి గురించి మీకో మాట..."

తాత అరచెయ్యి ఎత్తి ఆపేశాడు. "మన మధ్య మాటలేంటి బావగారూ! మీ నోటి నుంచి బండి గురించి మాట వింటే నాకే సిగ్గు. నా బిడ్డ మీ ఇంట్లో ఉంది, అంతకన్నా మాటేముంది?"

కోల్ నోరు మూసుకున్నాడు. తాత డబ్బు కవరిచ్చాడు, కోల్ లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ కావలించుకున్నారు. అంత మర్యాదగా జరిగిన బేరం ష్కోద్రలో ఆ సంవత్సరం ఇంకొకటి లేదు. ఆ మర్యాదకు తాత ఇప్పటికీ డబ్బు కడుతున్నాడు.

మూడో నెలలో కారు కుంగడం మొదలైంది. తాత దాన్ని నూరి షెడ్డుకు తీసుకెళ్లాడు. నూరి మంచి మెకానిక్, నోరు మాత్రం మంచిది కాదు.

"బాబాయ్, దీనికి ఇనుప స్ప్రింగులుండవు. రబ్బరు సంచుల్లో గాలి నింపి దాని మీద కూర్చోబెట్టారు. సంచి చిరిగింది."

"అతుకు వెయ్యి."

"సైకిలు ట్యూబనుకున్నావా? కొత్తది వెయ్యాలి. ఒకటి వేస్తే రెండోది అలుగుద్ది, జంటగా వెయ్యాలి. గాలి కొట్టే మోటారు కూడా ఒగర్చి ఒగర్చి చచ్చిపోయింది."

పాత బండ్లు విప్పి అమ్మే చోట వెతికి, ఒక సంచి మాత్రం కొత్తది, మోటారు పాతది వేయించారు. కుడివైపు నిలబడింది. ఆరు నెలల తర్వాత ఎడమవైపు అలిగింది. తర్వాత గేరుబాక్సు రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వీపు మీద చరిచినట్టు కుదపడం మొదలుపెట్టింది. దాని నూనె మార్చారు. నూనె అంటే సీసాడు అనుకున్నాడు తాత, తొమ్మిది లీటర్లు పట్టింది. టైర్లు అరిగాయి. ఆ కొలత టైరు ఒకటి కొనే డబ్బుతో పక్కింటివాళ్ల చిన్న కారుకు నాలుగూ వస్తాయి. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు. ఈ ఏనుగు నడిచినా వెయ్యి అడిగింది, పడుకున్నా వెయ్యి అడిగింది.

ఆ వేలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, దీల నానమ్మ నోట్లోంచి. కుడి దవడకు పళ్లు కట్టించుకోవడానికని దాచిన డబ్బు అది. ఆమె పళ్లు కుడి ముందు చక్రంలోకి వెళ్లాయి. అప్పటి నుంచి మొక్కజొన్న రొట్టెను ఒకవైపే నములుతుంది, నమిలినంతసేపూ తాతనే చూస్తుంది.

సరే, బండిని కదపకుండా గుడ్డ కప్పి ఉంచుదామనుకున్నాడు తాత. అదీ కుదరలేదు. పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది.

"ఎక్కడెక్కడికి తిప్పుతున్నావు బాబాయ్?" అని నూరి అడిగాడు.

"కాఫీ హోటలుకీ, చర్చికీ."

"అదే జబ్బు. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటది. ఇట్టా అడుగులో అడుగేస్తే మసి పేరుకుపోద్ది. వారానికోసారి పెద్ద రోడ్డు మీద అరగంట గట్టిగా తోలాలి, అప్పుడు లోపల కాలిపోద్ది. తోలకపోతే జల్లెడ మార్చాలి. దాని ధర ఇప్పుడు చెప్పను, నువ్వు తిండి తిన్నాక చెప్తా."

దాంతో ప్రతి గురువారం తాత కారును షికారుకు తీసుకెళ్లాల్సి వచ్చింది. వెళ్లేది ఎక్కడికీ కాదు. లేజా దాకా పోయి, గుండ్రంగా తిరిగి, ఇంటికి రావడమే. ఒక్కడే పోతే మరీ పిచ్చివాడిలా ఉంటుందని నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆమె ఒళ్లో గిన్నె పెట్టుకుని చిక్కుళ్లు ఒలుస్తుంది. పిల్లిని కూడా ఒకసారి తీసుకెళ్లారు, అది తోలు సీటు గీరింది, మళ్లీ తీసుకెళ్లలేదు.

"డెబ్బై వేల కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలిచే ఆడది అల్బేనియా మొత్తంలో నేనొక్కదాన్నే" అంటుంది నానమ్మ. "ఒకటి అడుగుతా, కోప్పడకు. మనం మసి కాల్చడానికి డీజిలు కాలుస్తున్నామా, డీజిలు కాల్చడానికి మసి చేస్తున్నామా?"

"మాట్లాడకు, వేగం తగ్గుద్ది."

ఇంకో చిక్కు ఎవరూ ముందు చెప్పనిది. ఆ కారు దిగిన మనిషికి బజారులో టమాటాలు కూడా ఎక్కువ ధరే. పెళ్లికి వెళితే కవరులో పెట్టే డబ్బు బండికి తగ్గట్టు ఉండాలి. దూరపు చుట్టాలు అప్పుల కోసం దగ్గరి చుట్టాలయ్యారు. అందుకని తాత పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు బండిని రెండు వీధుల అవతల ఆపి, పాడు మోకాలితో కుంటుకుంటూ నడిచి వెళ్లేవాడు. మోకాలి కోసం కొన్న బండి అది.

అమ్మేద్దామంటే ష్కోద్రలో ఎవరికి అమ్ముతాడు? నూరి షెడ్డులో అది ఎన్ని రోజులు పడుకుందో ఊరందరికీ తెలుసు. అద్దం మీద "అమ్మబడును" అని కాగితం అంటిద్దామంటే కోల్ చూస్తాడు. కోల్ ప్రతి ఆదివారం మనవలను తీసుకుని వస్తాడు, కుర్చీలో కూర్చోకముందే బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు.

"ఎలా ఉంది బావగారూ మన పిల్ల?"

"పిచ్చుకలా చలాకీగా ఉంది బావగారూ."

ఆదివారాలు తాత తెల్లవారుజామునే లేచి, ఇంజిను నడిపి, గాలి ఎక్కించి బండిని నిలబెడతాడు. కోల్ కాఫీ పూర్తయ్యేలోపు అది కుంగిపోతుందేమోనని ఆయన వీపు బండివైపు ఉండేలా కుర్చీ వేస్తాడు. ఆ రోజు కోల్ చెప్పబోయిన ఒక్క మాట ఏమిటా అని తాత మూడేళ్లుగా ఆలోచిస్తున్నాడు. ఇప్పుడు అడగలేడు. అడిగితే "అంటే నా బండిలో లోపముందా?" అంటాడు. అక్కడి నుంచి ఆ మాట లూలే వంటింట్లోకి పోతుంది. మింగలేడు, కక్కలేడు.

ఈ వసంతంలో చలి పొద్దుల్లో ఇంజిను కొత్త శబ్దం మొదలుపెట్టింది, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. నూరి చెవి పెట్టి విని, టోపీ తీశాడు.

"టైమింగ్ చైను సాగింది బాబాయ్. పుణ్యాత్ములు దాన్ని ఇంజిను వెనకాల పెట్టారు. అది మార్చాలంటే ఇంజిను మొత్తం కిందకు దించాలి. రెండు వేల రెండొందలు. తెగితే మాత్రం ఇంజినే పోతది."

"ఎప్పుడు తెగుద్ది?"

"రేపు తెగొచ్చు. నీ తర్వాత కూడా తెగొచ్చు."

ఆ మాట విన్నాక దీల నానమ్మే రంగంలోకి దిగింది. కొండల మీది నుంచి జున్ను అమ్మే ఆడవాళ్లు బుధవారం బజారుకు వస్తారు. వాళ్లకు ష్కోద్ర కబుర్లు తెలియవు. వాళ్ల చెవిలో ఊదింది, మా ఆయన మోకాలు బాగాలేదు, బండి ఇచ్చేస్తాడు అని. పది రోజులకు, ముందుగా కబురు పంపి, జెఫ్ వచ్చాడు.

జెఫ్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. షాల కొండల్లో ఇల్లుంది, వేసవిలో నడకకు వచ్చే విదేశీయులకు అందులో పడక, భోజనం ఇస్తాడు. వాళ్లను కింది నుంచి తీసుకెళ్లడానికి బండి కావాలి. నాలుగు ఆవుల్లో మూడు అమ్మాడు. చేతిలో చక్రమంత జున్ను ముద్ద, సారా సీసా పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

ఆ పొద్దున తాత చేసిన పనులు చెప్పాలి, దాచకూడదు. గంట ముందే లేచి ఇంజిను నడిపి వేడి చేశాడు, గులకరాళ్లు మోగకుండా. గాలి ఎక్కించాడు. బండి కడిగే చోటుకెళ్లి కడిగించాడు, సీట్లకు నిమ్మకాయ వాసన కొట్టించాడు. నానమ్మ ఒక్కటే హెచ్చరించింది.

"నువ్వు ఏ అబద్ధమూ ఆడొద్దయ్యా. ఊరికే నోరు మూసుకో. మూసుకున్న నోటికి పాపం అంటదు."

జెఫ్ బండి చుట్టూ తిరగలేదు, తాళం కూడా అడగలేదు. తాత ముందు కూర్చుని కాఫీ తాగాడు. ఆవుల గురించీ, మంచు గురించీ, ఏడాది నిండిన కొడుకు గురించీ మాట్లాడాడు. బేరం ఆరున్నర వేలకు తెగింది. తాత గుండెల మీది నుంచి ఇంజిను దిగిపోయినట్టే అయింది.

"నడిపి చూస్తావా?" అన్నాడు, మర్యాద కోసం.

"ఎందుకు పెద్దాయనా? మా ఊరి ఆడవాళ్లు చెప్పారు, ప్రెంగ్ అంటే మాట మనిషని."

"బండి గురించి నీకొక..." అంటూ తాత నోరు తెరిచాడు. ఎందుకు తెరిచాడో తాతకే తెలియదు. అలవాటు లేని మాట గొంతులో ఇరుక్కుని దగ్గు వచ్చింది.

జెఫ్ అరచెయ్యి ఎత్తాడు. "వద్దు పెద్దాయనా. నీ ఇంట్లో నీ ఉప్పు తింటా నీ బండి లోపాలు వింటే నాకు సిగ్గు. నీ చెయ్యి ఇయ్యి చాలు."

తాత ఆ ఎత్తిన చేతినే చూశాడు. ఆ రోజు కోల్ ముందు తన చెయ్యి బయటి నుంచి ఎలా కనిపించిందో ఇప్పుడు తెలిసింది. వద్దన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో కూడా తెలిసింది. ఊరుకుంటే చాలు, అవతలివాడే పాపం తన నెత్తిన వేసుకుంటున్నాడు. కోల్ కూడా ఇలాగే ఊపిరి పీల్చుకుని ఉంటాడు. పాపం, మనిషే కదా.

జెఫ్ చెయ్యి చాచాడు.

తాత తన రెండు చేతులూ పంట్లాం జేబుల్లో పెట్టుకున్నాడు.

చాచిన చేతికి చెయ్యి ఇవ్వకపోవడం ఆ కొండల్లో చెంపదెబ్బ కన్నా ఎక్కువ. జెఫ్ ముఖం ఎర్రబడింది, లేచి నిలబడ్డాడు. పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్న నానమ్మ కదలలేదు.

"నేనేం తప్పు చేశాను?" అన్నాడు జెఫ్.

"నువ్వు కాదు నాయనా. కూర్చో. నా చెయ్యి జేబులోంచి వస్తే నువ్వు మునిగిపోతావు. ముందు విను, తర్వాత కావాలంటే ఉమ్మేసి పో." చేతులు జేబుల్లోనే ఉంచి తాత మొదలుపెట్టాడు. "ఇది రాత్రికి కుంగుద్ది. పొద్దున కుంగి ఉంటది, నీ కోసం లేపాను. మీ రాళ్ల దారిలో ఆ రబ్బరు సంచులు వారం ఆగవు. గురువారం గురువారం అరగంట ఉరికించాలి, మీ కొండ మీద ఎక్కడ ఉరికిస్తావు? గేరుబాక్సు తంతది. ఇంజిను వెనకాల ఒక చైనుంది, అది తెగితే నీ మూడు ఆవులూ అక్కడే చచ్చిపోయినట్టు. పొద్దున గులకరాళ్ల మోత వస్తది, అది కూడా నీకు వినబడకుండా చేశాను. ఇంకా ఉన్నాయి. ఏసీ ఎండాకాలం వేడిగాలి ఇస్తది."

చెబుతున్నకొద్దీ తాతకు హుషారొచ్చింది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని బాధ అది. వెనక అద్దం తుడిచే పుల్ల వర్షంలో తప్ప మిగతా అన్ని రోజులూ తిరుగుతుందని కూడా చెప్పాడు. నానమ్మ పళ్ల సంగతి కూడా చెప్పాడు, అది బండి లోపం కాకపోయినా. కోల్ పేరు మాత్రం ఎత్తలేదు.

జెఫ్ అంతా విన్నాడు. డబ్బు కవరును చొక్కా లోపలికి తోసుకున్నాడు.

"అమ్మా, ఇంకో కాఫీ ఇస్తావా?" అని అడిగాడు.

దీల నానమ్మ కాఫీ తెచ్చి ముందు పెట్టింది. తాత వంక చూడలేదు. ఆమె ముఖంలో కోపమో ఇంకేమో తాతకు అర్థం కాలేదు. భుజం మీద మాత్రం ఒకసారి చెయ్యి ఆనించి వెళ్లిపోయింది.

కాఫీ అయ్యాక జెఫ్ అన్నాడు: "పెద్దాయనా, మా నాన్న పోయాక నాకు ఇంత నిజం ఎవరూ చెప్పలేదు. నా కొడుక్కి పుట్టువెంట్రుకలు ఇంకా తియ్యలేదు. ఎవరి చేత కత్తెర పట్టిద్దామా అని చూస్తున్నా. నువ్వు పట్టు. మా ఇంటికి కుంబారివి అవ్వు."

తాత లేచి నిలబడ్డాడు. ఈ మాటకు కాదనడం ఉండదు. కత్తెర పట్టిన కుంబారి రక్తసంబంధీకుడితో సమానం, ఆ పిలుపును తోసేస్తే దేవుణ్ణి తోసేసినట్టే. తాత జేబుల్లోంచి చేతులు తీసి రెండూ ఇచ్చాడు. కళ్లు తడిశాయి, ముక్కు కూడా.

"ఎప్పుడు?"

"వచ్చే నెల మొదటి ఆదివారం. ఊరంతా దారిలోకి వచ్చి నిలబడతాం."

జెఫ్ అన్న ఆ మాటకు అర్థమేమిటో వాడు బస్సెక్కి వెళ్లిపోయాక తెలిసింది.

"చిన్న బస్సులో పోదాం" అంది నానమ్మ.

"కుంబారి కోళ్ల మధ్య కూర్చుని దిగుతాడా? ఊరంతా నిలబడి ఉంటే?"

"అయితే గాడిద మీద పో. ఆ మోకాలికి అదే ఎత్తు."

"దీలా, ఆ రోజు పద్ధతి ప్రకారం సొంత బండిలో వెళ్లాలి. వెనక కానుకలు, ఉయ్యాల తొట్టి, పరుపు, గొర్రెపిల్ల..."

"గొర్రెపిల్లా? ఆ తోలు సీట్ల మీద?" నానమ్మకు నవ్వు ఆగలేదు. ఒకవైపు పళ్లతోనే గది దద్దరిల్లేలా నవ్వింది. "దాన్ని వదిలించుకోబోయి నిజం చెప్పావు చూడూ, ఇప్పుడు దానికి పెళ్లికూతురి వైభోగం చెయ్యాలి!"

నూరి కబురు విని మొదట నమ్మలేదు.

"షాల కొండా? ఆ బండా? బాబాయ్, నువ్వు ఎక్కుతావా, అది ఎక్కాలా?"

"ఇద్దరం."

"అయితే ఎడమ సంచి, గాలి మోటారు కొత్తవి పడాలి. చైను మార్చకుండా ఆ ఎత్తు ఎక్కిస్తే నేను నీ శవానికి కూడా రాను. ఇంజిను దించాల్సిందే."

తాత అంతా విన్నాడు. దానిమ్మ తోటలో రోడ్డువైపు ముక్కను పక్కింటివాడు ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. "ఆ ముక్క అమ్మేస్తాలే, దించు" అన్నాడు తాత.

వార్త ఆదివారానికి కోల్ చెవిన పడింది. రెండు చేతులూ చాచి గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చాడు.

"బావగారూ! నా దగ్గర కొన్న బండిలో షాలకు కుంబారితనానికి వెళ్తున్నారటగా! ఎంత గౌరవం, ఎంత గౌరవం! ఎవరికో అమ్మేద్దామనుకుంటున్నారని ఎవడో కూశాడు, వాడి నోరు పడ. ఇక దీన్ని జన్మలో అమ్మకండి, శుభకార్యం చూసిన బండి అమ్మకూడదు. బండి ఏది, కనబడదే?"

"కడిగించడానికి ఇచ్చాను" అన్నాడు తాత. ఆ సమయానికి ఇంజిను నూరి షెడ్డులో బల్ల మీద ఉంది.

"ముందు సీటు నాది బావగారూ, ముందే చెప్తున్నా. లూలేనూ, మీ అల్లుణ్ణీ, పిల్లల్నీ వెనక ఎక్కిద్దాం. ఏడుగురికి సరిపోద్ది, నాకు తెలుసు కదా!"

గుమ్మంలో నానమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఏడుగురు మనుషుల బరువూ, తొట్టీ, పరుపూ, గొర్రెపిల్లా, రాళ్ల దారీ తాత కళ్ల ముందు ఒకటొకటిగా ఎక్కి కూర్చున్నాయి. తాత వియ్యంకుడి కోసం కుర్చీ లాగాడు.

"రండి బావగారూ" అన్నాడు. "ముందు సీటు మీదే. కాఫీలో చక్కెర వేయించమంటారా?"